నల్ల ఉన్ని

మా మేడ మీద నాలుగు పాత పెయింటు బకెట్లు ఉన్నాయి. వాటి నిండా కాంక్రీటు. ఒక్కో బకెట్ మధ్యలోంచి జానెడు ఇనుప చువ్వ పైకి లేచి ఉంటుంది. ఖతార్‌లో, అల్ ముంతజా పేటలో మేముండేది పాత బిల్డింగు. నీళ్ళ ట్యాంకులకూ డిష్ యాంటెన్నాలకూ మధ్య అవి అడ్డంగా ఉన్నాయని వాచ్‌మన్ గుర్తు చేస్తూనే ఉంటాడు. తీయిస్తానన్నాను. ఇంకా తీయించలేదు.

నా భార్య మగ్గానికి అవే గుంజలు. ఇక్కడి ఎడారి కుటుంబాల ఆడవాళ్ళు నేసే మగ్గం అది. గుంట ఉండదు, చట్రం ఉండదు. ఇసుకలో నాలుగు గుంజలు పాతి, ఆ చివరొక కర్ర, ఈ చివరొక కర్ర కట్టి, మధ్యన పడుగు బిగిస్తారు. నేసే మనిషి నేల మీద కూర్చుని, నేసిన బట్ట మీదికే జరుగుతూ ముందుకు పోతుంది. డేరాలు ఎత్తేయాల్సి వస్తే గుంజలు పీకి, సగం నేసిన బట్టను కర్రలకు చుట్టి ఒంటె మీద వేసుకునేవారట. తరువాత ఆగిన చోట మళ్ళీ పాతుకునేవారు. మా మేడ మీద ఇసుక లేదు కాబట్టి బకెట్లు.

ఆమె పోయి ఏడాది దాటింది. పోయేనాటికి ఆ మగ్గం మీద రెండు జానల నేత మిగిలి ఉంది.

ఆమె ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్పేది. ఒకసారి పిల్లలను తీసుకుని అల్ వక్రా వెళ్ళింది. అక్కడ రేవుకు దగ్గరలో, చేతిపనులు నేర్పే ఒక చోట, ఒక ముసలావిడ ఈ నేత నేర్పుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా భార్య వాళ్ళ తాత గురించి మాట్లాడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆమె తల్లి వైపు వాళ్ళు కురుమలు. తాత గొంగళ్ళు నేసేవాడు. ఆమెకు ఊహ తెలిసేసరికే మగ్గం గుంట పూడ్చేసి దాని మీద వడ్ల బస్తాలు పెట్టారు. తాత ఆ బస్తాల మీదే కూర్చుని చుట్ట కాల్చేవాడట. నేత గురించి అడిగితే, "ఎందుకే బిడ్డా, అయిపోయిన ముచ్చట," అనేవాడట.

తరువాతి వారం ఒక్కతే వెళ్ళింది. ఆ తరువాత ప్రతి వారం వెళ్ళింది. ముసలావిడను ఖాలా అనేది, అంటే పిన్ని. ఆవిడకు ఇంగ్లిషు రాదు, మా ఆవిడకు అరబిక్ సగం వచ్చు. ఇద్దరూ డ్రైవర్ల హిందీలో మాట్లాడుకునేవారు.

చదవడం కూడా మొదలుపెట్టింది. మా ఇంట్లో పుస్తకాలు చదివేది నేను, పేపర్లు దిద్దేది ఆమె. అది తలకిందులైంది. అమెరికాలో చోక్తా అనే ఆదివాసుల గురించి ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. వాళ్ళు పూర్వం చెట్ల నారతో, అడవిదున్న బొచ్చుతో, మగ్గం లేకుండా వేళ్ళతోనే బట్ట అల్లేవారట. తరువాత ఆ పని చేసేవాళ్ళు లేకుండా పోయారు. బట్ట మట్టిలో నిలవదు, కుళ్ళిపోతుంది. అయితే పచ్చి కుండల మీద ఆ బట్టను అదిమిన గుర్తులు ఉండిపోయాయి. ఇప్పటివాళ్ళు ఆ పెంకులు చూసి పోగు ఎటు తిరిగిందో తెలుసుకుని, మళ్ళీ అల్లడం నేర్చుకుంటున్నారట.

"వాళ్ళకు కుండపెంకు మీద అచ్చొక్కటే మిగిలింది," అంది. "మనకింకా గొర్రె ఉన్నది కదా."

ఆ మాట మీదే ఆమె పని అంతా నిలబడింది. ఒక్క బట్ట నేయాలి. నల్ల చారలు మన దక్కన్ గొర్రె ఉన్ని, తెల్ల చారలు ఇక్కడి గొర్రె ఉన్ని. రంగులు వేయకూడదు. తెల్ల ఉన్ని ఖాలా తమ్ముడి మందలోది, అది దొరికింది. నల్లది ఊరి నుంచి రావాలి. ఖాలా నేత నేర్పే ఆ కేంద్రం వాళ్ళు చలికాలంలో పెట్టే ప్రదర్శనలో దాన్ని వేలాడదీస్తామన్నారు. పక్కన పెట్టే పలకకు వాళ్ళు రాసిచ్చిన పేరాలో వారసత్వం, పునరుజ్జీవనం, ఖండాల కలయిక ఉన్నాయి. ఆమె అన్నీ కొట్టేసింది. "నల్లది దక్కన్ గొర్రె ఉన్ని. తెల్లది ఖతార్ గొర్రె ఉన్ని. రెండూ చేత్తో వడికినవి." అంతే ఉంచింది. "ఇదొక్కటి నిజమైతే సాలు," అంది. నాకు ఆమె మీద ప్రేమ కంటే గౌరవం ఎక్కువగా కలిగిన రోజుల్లో అదొకటి.

బకెట్లు పోసి ఇచ్చింది ఒక తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. జగిత్యాల దిక్కు మనిషి, కన్‌స్ట్రక్షన్ సైట్లో ఇనుము కట్టే పని. మా సందు చివర కొట్లో ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే విని, "అక్కా, మన దిక్కేనా?" అని పలకరించాడు. వాళ్ళూ కురుమలేనని తెలిశాక ఇక ఆమె వదలలేదు. అలా అతను మా ఇంట్లో మనిషయ్యాడు. ఆమె అక్క, నేను బావ.

బకెట్లలో కాంక్రీటు పోసిన రోజు మేడ మీద చేతులు కడుక్కుంటూ అన్నాడు: "బావా, మా తాత మగ్గం జూసిన. అక్క మగ్గం జూస్తున్న. నడుమల మేమే ఎటుగాకుంట వోయినం."

"నువ్వు నేర్చుకోరాదు?" అందామె.

"నాకెందుకక్కా? నేను నేసుడు వెట్టినంక బిల్డింగులు ఎవడు గట్టాలె? ఖతరోళ్ళు డేరాలల్ల పండాలెనా మళ్ళ?"

అతను సెలవు మీద ఊరికి పోతుంటే ఆమె ఒక్కటే అడిగింది. పచ్చళ్ళు వద్దు, సకినాలు వద్దు, నల్ల గొర్రె ఉన్ని ఒక సంచెడు. తిరిగొచ్చిన చాలా రోజులకు సంచి తెచ్చాడు. లగేజీ లేబర్ క్యాంపులోనే ఉండిపోయిందన్నాడు. ఆమె సంచి మూతి విప్పి, ముఖం అందులో పెట్టి, చాలాసేపు తీయలేదు. తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"మా తాత గొంగడి వాసనే," అంది. "అచ్చం గదే."

తమ్ముడు చెప్పులేసుకుని, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. ఇక్కడ సెలవైన శుక్రవారం పూట డ్యూటీ ఏమిటని అప్పుడు నాకు తోచలేదు.

ఆ ఉన్ని వడికాక ఆమెకూ ఖాలాకూ చిన్న గొడవ అయింది. మన గొంగడికి పడుగు పోగులకు చింతగింజల గంజి పెడతారు. ఉడికించిన గంజి పోగులకు రాసి, కుంచెతో దువ్వి, ఎండబెడతారు. అప్పుడే పోగు తెగదు. దాని కోసం ఆమె ఏడాది పొడవునా పులుసులో వేసిన చింతపండు గింజలు దాచింది. ఒక డబ్బా గంజి కాచి అల్ వక్రాకు పట్టుకెళ్ళింది. ఖాలా అందులో వేలు ముంచి చూసింది.

"ఇది ఉన్నియా, లేక పాలు మాన్పించే పిల్లాడా? అంబలి తాగిస్తున్నావు?" అందట.

గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారట. ఇక్కడి పద్ధతిలో గంజి లేదు. రెండు పోగులు కలిపి గట్టిగా పురి పెడతారు, పురే పోగుకు బలం. నా భార్య అలిగి ఆ వారం మాట్లాడలేదు. తరువాత తనే, "ఆమె మగ్గం మీద ఆమె మాటే నడవాలె," అని గంజి పారబోసి, పోగులన్నిటికీ మళ్ళీ పురి పెట్టింది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది. ఆ రోజు ఆమె గంజి మీదే పట్టుబట్టి ఉంటే ఆ నల్ల పోగులు అప్పుడే తడిసేవి.

చలికాలాల్లో మాత్రమే నేసేది. మిగతా ఏడాది మేడ మీద అడుగు పెట్టలేం. నేసి దిగొచ్చాక వంట ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేది. సబ్బు నురుగు బూడిద రంగులో ఉండడం నేను చూశాను. గొర్రె జిడ్డు అనుకున్నాను. ఒకసారి ఆమె కుళాయి కట్టేయకుండా తన వేళ్ళు చూసుకుంటూ నిలబడిపోయింది. ఏమిటి అంటే ఏమీ లేదంది.

రెండో చలికాలం పూర్తి కాలేదు. జబ్బు గురించి రాయడానికి ఏమీ లేదు. హాస్పిటల్లో ఆమె అడిగింది ఒక్క సంగతే: మగ్గం మీద టార్పాలిన్ కప్పావా అని. కప్పానన్నాను. తమ్ముడే కప్పాడు, ఇటుకలు బరువు పెట్టి.

తరువాత కొన్ని నెలలు నేను మేడ ఎక్కలేదు. ఖాలా కబురు పంపింది. కోయొద్దు, కర్రలకు చుట్టి తీసుకురండి, మిగిలింది నేను నేస్తాను అని. అది కొత్త సంగతేం కాదు, డేరా వాళ్ళు ఎప్పుడూ చేసేదే. ఒక శుక్రవారం తమ్ముడూ నేనూ చువ్వలకు కట్టిన తాళ్ళు విప్పి, బట్టను చాపలా చుట్టాం. అతను ఒక చివర, నేను ఒక చివర పట్టుకుని మెట్లు దిగుతుంటే, మూడో అంతస్తు మలయాళీ ఆవిడ తలుపు తీసి, మమ్మల్ని చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. మేము మోస్తున్నది ఏమనుకుందో మాకర్థమైంది. ఇద్దరం దిగుతూనే ఉన్నాం.

ఖాలా మా ఇద్దరినీ చూసి, పోయినామెను దేవుడు కరుణించాలని అరబిక్‌లో రెండుసార్లు అంది. తరువాత బట్టను విప్పి, నల్ల చారల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఆవిడ దగ్గర పోగులను సర్దే జింక కొమ్ము ఒకటి ఉంటుంది, చివర వాడి వాడి నున్నబడింది. దాన్ని పోగుల మధ్య దూర్చి పని మొదలుపెట్టింది.

నేత అయ్యాక కడగడానికి మా ఇద్దరినీ రమ్మన్నారు. కొత్త బట్టను చన్నీళ్ళలో ఒకసారి ముంచి, నేల మీద పరిచి ఆరబెడతారట. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పట్టారు. ఖాలా బట్ట లోపలికి దింపింది. నేను నీళ్ళ వైపే చూస్తున్నాను. మొదట ఏమీ లేదు. తరువాత నల్ల చారల అంచుల నుంచి సిరాలాంటిది బయలుదేరి, మెల్లగా తెల్ల చారల మీదికి పాకింది. ఖాలా గబుక్కున బట్టను బయటికి లాగింది. నీళ్ళు మార్చారు. మళ్ళీ నల్లబడ్డాయి. మళ్ళీ మార్చారు. ఆమె నేసిన తెల్ల చారలు మసిగుడ్డ రంగుకు వచ్చాక, ఎన్ని నీళ్ళు మార్చినా ఇక తెల్లబడలేదు.

"లోన్," అంది ఖాలా నీళ్ళు చూపించి. రంగు అని. తరువాత వేళ్ళు దులుపుతూ, "ఖరూఫ్ అస్వద్ మాఫీ." నల్ల గొర్రె లేదు.

తమ్ముడు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

తిరిగొస్తుంటే కార్లో తనే మొదలుపెట్టాడు.

"తిట్టు బావా."

"నిన్నెవరైనా మోసం చేసిండ్రా?"

"ఎవడు జెయ్యలే. నేనే కొన్న. తెలిసే కొన్న."

"ఊర్లె గొర్లు ఉన్నయి కదా?"

"ఉన్నయి. ఎర్ర గొర్లు. వాటికి ఉన్నెక్కడిది, మేక లెక్క ఉంటయి. నల్లయి నేను శిన్నగున్నప్పుడే అమ్మిండ్రు. వాటికి కండ రాదు, ఉన్ని ఎవడు అడుగుతలేడు, ఎవడుంచుకుంటడు జెప్పు? మా ఊరు, పక్కూరు, ఆ పక్కూరు తిరిగిన. ఒక ముసలాయన ఇంట్ల గొంగడి ఉన్నది, గొర్రె లేదు. మా అవ్వ నవ్వింది. దుబాయ్‌ల గొర్లు లేవారా, ఉన్ని ఈడికెళ్ళి మోసుకవోతున్నవ్ అని." అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "టౌనుల కంబళ్ళ దుకాణం ఉంటది. ఆడ వడకని ఉన్ని అమ్ముతరు, పానిపట్టు దిక్కునుంచి వస్తదట. మిల్లుల నల్లరంగేసింది. గదే తెచ్చిన. ఉత్త చేతులతోని వస్తే అక్క మొకం ఎట్ల జూడాలె?"

"మరి వాసన?" అన్నాను.

"శుక్రారం సూపిస్త," అన్నాడు.

దుఖాన్ రోడ్డు మీద పోయి పోయి, ఒకచోట తారు దిగి ఇసుక బాటలో వెళితే ఒక అజ్బా ఉంది. అజ్బా అంటే ఎడారిలో గొర్రెలూ ఒంటెలూ ఉంచే దొడ్డి. తమ్ముడి చిన్నాయన కొడుకు అక్కడ కాపలా. రేకుల నీడ కింద గొర్రెలు పడుకుని ఉన్నాయి. కారు తలుపు తీయగానే వాసన కొట్టింది. రెండేళ్ళు మా హాలులో ఉన్న వాసన. ఆమె దుప్పట్లలో, నా చొక్కాల్లో, పుస్తకాల అరలో ఉన్న వాసన. ఆమె పోయాక నేను ఇల్లు దులపకుండా కాపాడుకున్న వాసన.

"గా మూలకు పరిచినం," అన్నాడు తమ్ముడు. "వాటి కిందనే, పది దినాలు. మంచిగ దాని మీదనే పన్నయి. మిల్లు ఉన్నికి మందు కంపు గదా. అక్క ముక్కు వట్టేస్తదని."

చిన్నాయన కొడుకు నవ్వాపుకోలేక, "మా కఫీల్ సేటు అడిగిండన్నా, గొర్లకు పరుపు ఎందుకేసినవురా అని," అన్నాడు. తమ్ముడు అతన్ని కసిరాడు.

నేను మందను చూస్తున్నాను. వాటిలో సగం గొర్రెలకు తల తెల్లన, ఒళ్ళంతా నలుపు. పొడుగు బొచ్చు. రంగు వేయని, పుట్టుకతో వచ్చిన నలుపు.

"ఇవి నల్లయే కదా," అన్నాను.

"నల్లయే."

"మరి వీటి ఉన్నే సంచిలో పెట్టి ఇస్తే అయిపోయేది. రంగు దిగకపోయేది. ఎవరికీ తెలియకపోయేది."

తమ్ముడు నా వైపు నిజంగా నొచ్చుకుని చూశాడు.

"గివి గీడియి బావా. గీడి గొర్రెను దెచ్చి మన గొర్రె అని ఎట్ల చెప్పాలె? గదైతే మోసం గాదా?"

అతని లెక్కలో ఆ ఉన్ని మన దేశం నుంచి వచ్చింది, సముద్రం దాటి తన సంచిలో వచ్చింది, కాబట్టి అది మనదే. రంగు ఒక లోటు, వాసన ఒక సర్దుబాటు. ఇక్కడి గొర్రెను మనదనడం మాత్రం అబద్ధం.

ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు కేంద్రంలో పనిచేసే ఖతారీ అమ్మాయి ఫోన్ చేసింది. మంచి అమ్మాయి. సంగతి ఖాలా చెప్పిందంది. పలక మీద "దక్కన్ సంప్రదాయంలో నల్ల ఉన్ని" అని రాస్తే తప్పేమీ ఉండదు కదా అని అడిగింది. తప్పేమీ ఉండదు. ఎవరూ అడగరు కూడా. తమ్ముడికి చెబితే వెంటనే, "గట్లనే రాయమను బావా, అక్క ఇజ్జత్ పోవద్దు," అన్నాడు.

ఖాలాను అడగడానికి వెళ్ళాను. ఆవిడ పిల్లలకు దారం చుట్టి ఇస్తోంది. ఆ దారం ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెల్లో వస్తుంది, గొర్రెను ఎన్నడూ చూడనిది. అది చూపించి భుజాలు ఎగరేసింది. తెల్లది తన తమ్ముడి మందలోది, అది మాత్రం రాయమంది. నల్లది ఏదైతే అది రాసుకోమంది.

నాకు ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా కొన్ని రాత్రులు ఆలోచించాను. ఆమె రాసిన మూడు వాక్యాల్లో మొదటిది నిలవదు. దాన్ని తీసేస్తే ఆమె పని ఎందుకు మొదలైందో అదే పోతుంది. మనకింకా గొర్రె ఉన్నది అన్న మాట అబద్ధమని గోడ మీద నేనే రాయించినట్టవుతుంది. తీయకపోతే, ఆమె కొట్టేసిన మాటలన్నిటి కంటే పెద్ద అలంకారం ఆమె పేరు పక్కన నేనే పెట్టినట్టవుతుంది. ఆ కుళాయి దగ్గర వేళ్ళు చూసుకున్నప్పుడు ఆమెకు తెలిసిందా అన్నది కూడా ఆలోచించాను. తెలిసి, తమ్ముడి ముఖం చూసి ఊరుకుందా? తెలిసి కూడా ఆ వాక్యం అలాగే ఉంచిందా? నేను ఎరిగిన మనిషి ఉంచదు. కానీ నేను ఎరిగిన మనిషి సంచిలో ముఖం పెట్టి ఏడవదు కూడా.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి కొత్త వాక్యాలు చెప్పాను.

ప్రదర్శనకు తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. తెల్లటి గోడ మీద, దీపం కింద, ఆ బట్ట నేను అనుకున్న దానికంటే చిన్నగా కనిపించింది. నలుపు వెలిసింది, తెలుపు మాసింది. కింద రెండు జానల దగ్గర నేత మారిన చోటు కనిపెట్టవచ్చు. ఖాలా చెయ్యి గట్టిది. పలక మీద అరబిక్‌లో, ఇంగ్లిషులో ఉంది.

"ఏం రాయించినవ్ బావా?"

చదివి చెప్పాను. "నల్లది ఇండియా నుంచి తెచ్చిన మిల్లు ఉన్ని, రంగు వేసింది. తెల్లది ఖతార్ గొర్రె ఉన్ని. రెండూ చేత్తో వడికినవి. చివరి రెండు జానలు ఇంకొకరు నేశారు."

"గింతేనా?"

"అంతే."

"అక్క ఉంటే గిట్లనే రాసునా?"

"ఇంకా తక్కువ రాసేది."

అతను బట్ట దగ్గరికి జరిగాడు. తరువాత గార్డు అటు తిరగడం చూసి, ముందుకు వంగి, బట్టకు ముక్కు ఆనించాడు.

"వాసన వోయింది బావా."

"కడిగినం కదా."

"ఇదంత అయినంక బట్ట నీకే ఇస్తరు గద? తే. మళ్ళ పరుద్దం గొర్ల కింద."

గార్డు ఇటు తిరిగాడు. ఇద్దరం వెనక్కి జరిగి, పక్క గదిలోకి నడిచాం.